జేబులో మిగిలిన తెల్లగింజ

మొగుడి మీద చెప్పుకోవడానికి హెర్మిందా దగ్గర పెద్ద సరుకేమీ లేదు. తాగి వచ్చి తన్నేవాడు కాదు, పరాయి ఆడదాని వంక చూసేవాడు కాదు. అందుకని ఉన్న ఒక్క కెటిల్ ఫిర్యాదునే ఆవిడ ముప్పై నాలుగేళ్ళుగా పొదుపుగా వాడుకుంటూ వస్తోంది. నోల్బెర్తో అనే ఆ మహానుభావుడు పెళ్ళయిన నాటి నుంచి పొయ్యి మీద కెటిల్ పెట్టిన పాపాన పోలేదు. అతని కుర్చీకీ పొయ్యికీ మధ్య రెండడుగులు. చెయ్యి చాపితే అందుతుంది. సముద్రంలో పదిహేను బారల లోతుకి దిగి, రాళ్ళని కరుచుకున్న గుల్లల్ని ఊడబెరికి తెచ్చిన మనిషికి ఆ రెండడుగుల ప్రయాణం మాత్రం చాతకాలేదు.

"నీళ్ళు కాగాయా ముసలీ?" అనేవాడు, కెటిల్ మూత తన ముక్కు ముందే తకతకలాడుతుంటే.

"ఊళ్ళోకి వెళ్ళి ఎవర్నైనా కనుక్కుని రా," అనేది హెర్మిందా, లేచి కెటిల్ దింపుతూ.

అతను లోతుకి దిగడం మానేసి ఎనిమిదేళ్ళయింది. చివరిసారి దిగిన రోజు, నీటి అడుగున ఉండగా, పడవలోంచి గొట్టంతో ఊపిరి అందించే గాలి మిషను ఆగిపోయింది. ఉన్నపళంగా పైకి వచ్చేశాడు. లోతు అలాంటి తొందరని క్షమించదు. ఎడమ మోకాలు తీసుకుని ప్రాణం వదిలిపెట్టింది. అప్పటి నుంచీ ఒడ్డుకి కొట్టుకొచ్చిన సముద్రపు నాచుని ఏరి, ఎండబెట్టి, కట్టలు కట్టడం అతని పని. మిగతా పొద్దంతా వంటింట్లో కుర్చీ. గిన్నెల మూతలన్నీ సైజుల వారీగా సర్దేవాడు. మర్నాడు హెర్మిందా వాటిని మామూలు గందరగోళంలోకి తెచ్చుకునేది. బట్టలు ఉతికే పని మాత్రం అతనే అడిగి తీసుకున్నాడు. "నీళ్ళు నాకు అలవాటే కదా," అన్నాడు.

ఆ బుధవారం మధ్యాహ్నం గుల్లల పులుసులో రొట్టె ముంచుకుంటూ, ఉప్పు అందుకోమన్నంత మామూలుగా అన్నాడు.

"దళంలో చేరదామనుకుంటున్నా."

హెర్మిందా గరిటె పులుసులో మునిగిపోయింది. దళం అంటే వాళ్ళ ఊరు పుంతా చోల్గాలో ఒకటే: ఫైరింజను దళం. పదకొండు మంది. జీతం ఒకరికీ లేదు, తిట్లు అందరికీ ఉన్నాయి. ఆ పదకొండు మందిలో ఇంజను నడిపేది సాక్షాత్తూ హెర్మిందానే. నోల్బెర్తోని పైకి లాగిన రోజు, బడి పిల్లల వ్యానులో అతన్ని పడుకోబెట్టి, మూడు గంటల కొండదారిని గంటా నలభై నిమిషాల్లో దాటించి ఆసుపత్రికి చేర్చింది ఆవిడే. "ఆ వ్యానుని అలా నడిపిన ఆడది ఫైరింజను నడపలేదా?" అని దళం పెద్ద దోన్ రోసమెల్ మరుసటి ఏడాది స్వయంగా ఇంటికొచ్చి అడిగాడు. అది జరిగి ఏడేళ్ళు.

"నీ మోకాలు?" అంది హెర్మిందా.

"పైపు చుట్టడానికి మోకాలెందుకు? చేతులు చాలు."

"వయసు?"

"రోసమెల్ నాకంటే నాలుగేళ్ళు పెద్ద. ఆయన పళ్ళు కూడా ఆయనవి కావు."

"ఇప్పుడెందుకొచ్చింది ఈ కోరిక?"

నోల్బెర్తో కిటికీలోంచి సముద్రం వైపు చూశాడు. "కూర్చుని కూర్చుని మొద్దుబారిపోతున్నా ముసలీ," అని ఊరుకున్నాడు.

హెర్మిందాకి ఆ పూట అన్నం సయించలేదు. ఇరవై ఆరేళ్ళు ఆవిడ పడవల రేవులో నిలబడింది. గాలి మారిన ప్రతిసారీ, పడవ గంట ఆలస్యమైన ప్రతిసారీ. చివరికి సముద్రం అతన్ని తిరిగి ఇచ్చేసింది, కాస్త విరగ్గొట్టి ఇచ్చినా ఇచ్చింది. కుర్చీలో కూర్చుని "నీళ్ళు కాగాయా" అని విసిగించే ఆ మనిషిని చూసుకునే ఆవిడ ఎనిమిదేళ్ళుగా నిద్రపోతోంది. ఇప్పుడు మంటల్లోకి పోతానంటున్నాడు.

*

దళంలో ఎవర్నైనా చేర్చుకోవాలంటే ఓటు పడాలి. పూర్వం దానికి ఏనుగు దంతపు గోళీలు ఉండేవి, తెల్లవి కొన్ని, నల్లవి కొన్ని. భూకంపం వెంట ఆ పెద్ద అల వచ్చినప్పుడు ఇంజను ఉండే పాత షెడ్డుతో పాటు గోళీలూ పోయాయి, చెక్కపెట్టె మాత్రం మూడు రోజుల తర్వాత తేలుతూ వచ్చింది. అప్పటి నుంచీ చిక్కుడు గింజలు. మనిషికో తెల్లగింజ, ఓ నల్లగింజ. కావలసింది పెట్టెలో వెయ్యాలి, మిగిలింది చక్కెర డబ్బాలో పడెయ్యాలి. అన్నీ తెల్లవే వస్తే మనిషి దళంలోకి వచ్చినట్టు. ఒక్క నల్లది వచ్చినా మరుసటి నెలకి వాయిదా. అందాకా ఆ మనిషి షెడ్డు గడప తొక్కకూడదు. రెండోసారీ నల్లది వస్తే ఇక ఆ పేరు ఆ షెడ్డులో జన్మలో చదవరు. ఎవరు ఏది వేశారో చెప్పకూడదు. చెప్పినవాళ్ళు దళం మొత్తానికీ భోజనం పెట్టాలి. ఇన్నేళ్ళలో ఆ భోజనం తిన్నవాళ్ళెవరూ లేరు.

నెల మొదటి ఆదివారం, పదకొండు గంటలకి, నోల్బెర్తో పేరు చదివారు. అతను రివాజు ప్రకారం బయట బెంచీ మీద కూర్చున్నాడు, ఇస్త్రీ చొక్కాతో.

"వీణ్ణి చేర్చుకుంటే ఇంకో ఇంజను కొనాలి, వీణ్ణి మోసుకెళ్ళడానికి," అన్నాడు క్లోదోమిరో. అందరూ నవ్వారు. క్లోదోమిరో, నోల్బెర్తో చిన్నప్పటి నుంచీ ఒకే పడవ. మోకాలు పోయిన రోజు పడవలో గాలి మిషను దగ్గర ఉన్నది కూడా క్లోదోమిరోనే. మిషను దానంతటదే ఆగిందని నోల్బెర్తో వెయ్యిసార్లు చెప్పాడు. ఊరు వెయ్యిసార్లూ తలూపింది, నమ్మిందో లేదో ఊరికే తెలియాలి.

పెట్టె హెర్మిందా దగ్గరికి వచ్చింది. గుప్పిట్లో రెండు గింజలు చెమటకి జారుతున్నాయి. ఒక్క నెల, అనుకుందావిడ. ఒక్క నెల వాయిదా పడితే మనిషి మర్చిపోతాడు. మూతలు సర్దుకుంటాడు. నల్లగింజ వేసింది. వేసిన చప్పుడు ఊరంతా వినిపించినట్టనిపించి, తెల్లగింజని డబ్బాలో వెయ్యాల్సింది పోయి కోటు జేబులో పడేసుకుంది.

దోన్ రోసమెల్ పెట్టె బోర్లించాడు. పది తెల్లవి, ఒకటి నల్లది. తర్వాత డబ్బా లెక్కపెట్టాడు.

"పదే ఉన్నాయి. ఒకటి తక్కువ."

"ఎవరో ఆకలికి తినేసుంటారు," అంది రేడియో దగ్గర కూర్చునే ఎల్బా. ఎవరూ నవ్వలేదు. అందరూ క్లోదోమిరో వంక చూస్తున్నారు.

బయటికి వెళ్ళి చెప్పింది రోసమెలే. నోల్బెర్తో లేచి, చొక్కా దులుపుకుని, "సరే, వచ్చే నెల," అన్నాడు. ఇంటికి నడుస్తూ దారిలో హెర్మిందాతో, "బాధపడకు ముసలీ," అన్నాడు. ఆవిడకి ఆ క్షణంలో భూమి చీలితే బాగుండుననిపించింది గానీ, భూకంపాలు మామూలైన ఆ దేశంలో ఆ కోరిక కోరుకోవడం కూడా భయమే, నిజంగా చీలినా చీలుతుంది.

*

వారం తిరక్కముందే ఊరు తీర్పు చెప్పేసింది. రొట్టెల కొట్టు దగ్గర ఎవరో అన్నారు: "అప్పుడు గాలి ఆపాడు, ఇప్పుడు దారి ఆపాడు." ఆ మాట ఎవరిదో తెలీదు గానీ, సాయంత్రానికి అందరిదీ అయింది. క్లోదోమిరో రేవులోకి వస్తే నలుగురూ నాలుగు వైపులకి జరిగేవారు.

అతను ఒక రోజు నేరుగా ఇంటికే వచ్చాడు. టోపీ చేతుల్లో నలుపుతూ గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఒరేయ్, నేను వెయ్యలేదురా."

"తెలుసు," అన్నాడు నోల్బెర్తో.

"ఎలా తెలుసు?"

"తెలుసు, అంతే. లోపలికి రా. మిందా, నీళ్ళు కాగాయా?"

హెర్మిందా కెటిల్ మీదికి వంగి, ఆవిరిలో మొహం దాచుకుంది. ఆ రోజు నుంచీ సాయంత్రం కాగానే నోల్బెర్తో కుంటుకుంటూ రేవుకి వెళ్ళి, అందరికీ కనపడే బెంచీ మీద క్లోదోమిరో పక్కన కూర్చునేవాడు. మాటలేం ఉండేవి కావు. ఇద్దరూ నాచు కట్టలకి ముళ్ళు వేసేవారు. చూసేవాళ్ళు చూసేవారు. "పాపం, ఎంత మంచివాడో, శత్రువుని కూడా పక్కన కూర్చోబెట్టుకున్నాడు" అని మొగుణ్ణి మెచ్చుకుంటూ ఆడవాళ్ళు హెర్మిందాకి గుడ్లు తెచ్చి ఇచ్చేవారు. ఆ గుడ్లు ఆవిడకి గొంతు దిగలేదు. అట్టు వేసి నోల్బెర్తోకే పెట్టేది.

ఇంక తెల్లగింజ సంగతి. ఓటు పడిన మర్నాడే ఆవిడ చేతికి అది తగిలింది. పొయ్యిలో పారేద్దామని తీసింది. ఇంతలో పాలు పొంగాయి. మళ్ళీ జేబులోకే జారింది. రెండు రోజుల తర్వాత గుర్తొచ్చి చూస్తే కోటు తీగ మీద తడిగా వేలాడుతోంది, జేబులు ఖాళీ. నీళ్ళలో పోయి ఉంటుందిలే అనుకుంది. కిటికీలో పాలపొడి డబ్బా ఒకటి కొత్తగా చేరింది, సగం మట్టితో. "ఏం పెట్టావ్ దాన్లో?" అంటే, "ఏం వస్తుందో చూద్దాం," అన్నాడు నోల్బెర్తో. మూతలు సర్దే మనిషికి ఇంకో పిచ్చి పట్టిందనుకుంది.

*

పన్నెండో రోజు మధ్యాహ్నం సైరన్ మోగింది. హెర్మిందా పిండి చేతులతోనే కోటు తగిలించుకుంది. గుమ్మం దగ్గర తిరిగి చూస్తే నోల్బెర్తో కుర్చీలోంచి సగం లేచి, మళ్ళీ కూర్చున్నాడు. అదేం లేవడమో, అదేం కూర్చోవడమో ఆలోచించే తీరిక లేకపోయింది.

కొండ మీద ఒంటరి ముసలమ్మ కట్టెల పాక అంటుకుంది. చుట్టూ ఎండుగడ్డి, పైన పైను చెట్ల తోపు, ఎదురుగా దక్షిణపు గాలి. ఇంజన్లో హెర్మిందా పక్కన ఎప్పుడూ ముగ్గురు ఇరుక్కుని కూర్చునేవారు. ఆ రోజు క్లోదోమిరో ఎక్కగానే మిగతా ఇద్దరూ వెనక్కి వెళ్ళిపోయారు. అతను దారంతా తన చేతి తొడుగుల కేసి చూస్తూ కూర్చున్నాడు. నాలుగు గంటలు ఆవిడ పంపు దగ్గర నీటి ఒత్తిడి ముల్లు మీదే కన్ను పెట్టి నిలబడింది. క్లోదోమిరో పైపు మొదట్లో, పొగకి అందరికంటే దగ్గర్లో, ఒక్కడే. మామూలుగా ఆ చోటుకి గంటకొకరు మారతారు. ఆ రోజు అతన్ని మార్చడానికి ఎవరూ ముందుకి రాలేదు. అతనూ పిలవలేదు. పాక పోయింది, ఇల్లు దక్కింది, తోపుకి నిప్పు అందలేదు.

పొద్దు వాలుతుండగా కిందికి దిగారు. సమాధుల మలుపులో హెర్మిందా గేరు మార్చింది, ఇంజను ఎప్పటిలాగే రెండుసార్లు దగ్గింది. అక్కడి నుంచి షెడ్డు కనపడుతుంది. తలుపు వేసే ఉంది.

లోపల గాలి తెచ్చిపోసిన ఇసుక నేల మీద అలాగే ఉంది. పొయ్యి చల్లగా ఉంది. మసి మొహాలతో, ఎండిన గొంతులతో పది మందీ ఆ చల్లటి పొయ్యి వంక చూశారు.

"కెటిల్ పెట్టలేదేం?" అన్నాడు రోసమెల్.

పక్క గదిలో రేడియో దగ్గరి నుంచి ఎల్బా తల బయటపెట్టింది. "పెట్టేవాణ్ణి గడప తొక్కొద్దన్నారుగా దోన్ రోసమెల్. నేను రేడియో వదిలి రాలేను."

"ఎవర్ని?" అంది హెర్మిందా.

ఎల్బా ఆవిడ మొహంలోకి వింతగా చూసింది.

"ఎవర్నేంటి మిందక్కా? మీ ఆయన్ని."

హెర్మిందాకి నవ్వొచ్చింది. "మా ఆయనా? కెటిలా? ముప్పై నాలుగేళ్ళలో..."

"ఏడేళ్ళ నుంచీ అక్కా. సైరన్ మోగి మీరు అటు వెళ్తారు, ఇటు ఆయన కుంటుకుంటూ వస్తాడు. నేల ఊడుస్తాడు, పొయ్యి రాజేస్తాడు, కెటిల్ పెడతాడు. ఆ తర్వాత నా పక్కన కుర్చీ వేసుకుని రేడియో వింటాడు. మీ గొంతు వినిపిస్తే 'ఆఁ' అంటాడు. చాలాసేపు వినిపించకపోతే లేచి మళ్ళీ ఊడుస్తాడు. పోయిన వేసవిలో మీరు రెండు రోజులు కొండ మీదే ఉండిపోయారే, అప్పుడు ఈ సిమెంటు అరిగిపోతుందేమో అనుకున్నా."

"నాకెప్పుడూ కనపళ్ళేదే?"

"ఎలా కనపడతాడు? మీరు సమాధుల మలుపులో గేరు మార్చగానే, ఆ దగ్గు వినగానే, వెనక తలుపు. 'మోకాలికి చలిగాలి తగిలించుకున్నానని మిందా చంపేస్తుంది' అనేవాడు. మీకు తెలిసే తెలియనట్టు ఉంటున్నారనుకున్నాం. మొగుడూ పెళ్ళాల నాటకంలో మాకెందుకు వేషాలని ఊరుకున్నాం."

ఇంజను శుభ్రం చెయ్యకుండా హెర్మిందా ఇంటికి వెళ్ళడం అదే మొదటిసారి.

ఏడేళ్ళు. ప్రతిసారీ ఇంటికి వచ్చేసరికి అతను కుర్చీలో కళ్ళు మూసుకుని ఉండేవాడు. ఒక కన్ను తెరిచి, "వచ్చావా? నీళ్ళు కాగాయా ముసలీ?" అనేవాడు. తన ప్రాణాలు పోతున్నా పట్టనట్టు ఎలా నిద్రపోతాడో అని ఆవిడ కెటిల్‌ని పొయ్యి మీద కాస్త గట్టిగానే పెట్టేది. ఎదురుచూపులన్నీ రేవులో తన కోటాకే వచ్చాయనుకుంది ఇన్నాళ్ళూ. అవతలి మనిషి చీపురు పట్టుకుని తనకోసం ఎదురుచూస్తున్నాడని ఎవరు కలగన్నారు?

నోల్బెర్తో కుర్చీలో కళ్ళు మూసుకునే ఉన్నాడు. కానీ ఈసారి బూట్లు విప్పడం మర్చిపోయాడు. వాటి నిండా షెడ్డు ఎదురుగా ఉండే ఎర్రమట్టి. గడప తొక్కొద్దన్నారు కాబట్టి రోడ్డుకి ఇవతల నిలబడ్డాడన్నమాట, నాలుగు గంటలూ, గాలిలో.

"వచ్చావా?" అన్నాడు ఒక కన్ను తెరిచి. "నీళ్ళు..."

ఆగిపోయాడు, ఆవిడ మొహం చూసి.

హెర్మిందా కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఆవిడకి ఏదో ఒకటి చూడ్డం అవసరం. పాలపొడి డబ్బాలో వేలెడంత మొక్క, రెండు మందపాటి ఆకులు విప్పి, కాడకి గింజ తొక్క ఇంకా వేలాడుతోంది. తెల్లటి తొక్క.

"ఇదేంటి?"

"చిక్కుడు. నీ కోటు జేబులో దొరికింది. ఉతికేముందు జేబులు చూస్తాను కదా."

హెర్మిందా ఆ తొక్కని వేలితో తాకింది.

"తెలిసీ అడగలేదేం?"

"ఏమడగాలి? ఇరవై ఆరేళ్ళు రేవులో నిలబడ్డదానివి. నాలుగేళ్ళకే నాకు ఊడవడానికి నేల చాలడం లేదు. నీకు ఒక్క నల్లగింజ వేసే హక్కు లేదా?" అన్నాడు నోల్బెర్తో. తర్వాత మెల్లిగా, "వచ్చే నెల కూడా వెయ్యాలనిపిస్తే వెయ్యి ముసలీ. బయట నిలబడటం అలవాటవుతుందిలే. కానీ ఆ క్లోదోమిరోగాడే... వాడికి రాత్రిళ్ళు నిద్రపట్టడం లేదు," అన్నాడు.

ఏడేళ్ళని నాలుగేళ్ళుగా ఎందుకు చెప్పాడో హెర్మిందాకి అర్థమైంది. ఎల్బా అసలు లెక్క చెప్పేసిందని అతనికింకా తెలియదు. ఆవిడ బాధపడకుండా తక్కువ చేసి చెబుతున్నాడు. ఆవిడ ఏమీ దిద్దలేదు. వంగి అతని బూట్ల లేసులు విప్పింది. అతను, ఎప్పుడూ లేనిది, చెయ్యి చాపి కెటిల్‌ని పొయ్యి మధ్యకి జరిపాడు.

*

మరుసటి నెల మొదటి ఆదివారం హెర్మిందా షెడ్డుకి పది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది, రెండు చేతులా పెద్ద గిన్నె పట్టుకుని, మూత మీద మడత పెట్టిన గుడ్డ. బెంచీ మీద ఇస్త్రీ చొక్కాతో కూర్చున్న మొగుణ్ణి దాటి, కాలితో తలుపు తోసి లోపలికి వెళ్ళింది. తలుపు వెయ్యలేదు.

దోన్ రోసమెల్ అప్పుడే గింజలు పంచబోతున్నాడు. క్లోదోమిరో మూలన ఒక్కడే ఉన్నాడు, రెండు వైపులా రెండు ఖాళీ కుర్చీలతో.

"ఏంటది మిందా?" అన్నాడు రోసమెల్, ముక్కు ఎగబీలుస్తూ.

"చిక్కుడు గింజలు. గుమ్మడికాయా సేమ్యా వేసి వండాను. పన్నెండు మందికి."

"పదకొండు మందిమే కదా?"

"లెక్క నాకూ వచ్చు. ముందు తలా ఒక గిన్నె తెచ్చుకోండి."

"సందర్భం?"

"జరిమానా."

ఎల్బా రేడియో గొంతు తగ్గించింది. ఇన్నేళ్ళలో ఎవరూ తినని భోజనం బల్ల మీద ఆవిర్లు కక్కుతోంది. దాని వాసన మాత్రం మామూలు ఆదివారపు వాసనే. హెర్మిందా గిన్నె దింపి, చేతులు కోటుకి తుడుచుకుని, మూలనున్న మనిషి పక్కన ఖాళీ కుర్చీలో కూర్చోబోయి, కూర్చోకుండా నిలబడింది.

"పోయిన నెల నల్లగింజ క్లోదోమిరోది కాదు. నాది. ఈ మనిషిని రొట్టెల కొట్టు దగ్గర అన్న మాటలన్నీ నన్ను అనాల్సినవి. ఆ మాటలు వింటూ గుడ్లు పుచ్చుకున్నాను."

క్లోదోమిరో టోపీ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"మా ఆయన్ని ఇంట్లో కూర్చోబెడితే దక్కించుకున్నట్టే అనుకున్నాను," అంది హెర్మిందా. "వేసింది తప్పు గింజ."

బయట బెంచీ కిర్రుమంది.

"గాలికి సరిగ్గా వినపళ్ళేదు ముసలీ," అన్నాడు నోల్బెర్తో, తెరిచిన తలుపు అవతలి నుంచి. గడప తొక్కలేదు. "చివరిది మళ్ళీ చెప్పు."

లోపల ఎల్బా కిసుక్కుమంది. హెర్మిందా తలుపు వైపు తిరిగింది. ముప్పై నాలుగేళ్ళలో ఆ మాట ఆ మనిషితో ఆవిడ ఒక్కసారీ అనలేదు, అవసరం పడిన రోజులు లేక కాదు. ఊపిరి పీల్చుకుని, సమాధుల మలుపు దాకా వినిపించేలా అంది.

"నేను తప్పు చేశాను!"